43 మందికి పంపాను, ఎలా తట్టుకోవాలో చెప్పండి

కొబ్బరిమట్ట | అంబాజీపేట దగ్గర | జూలై 6, రాత్రి 11:48

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఈ రాత్రి రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

నేను ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. ఆరేళ్లు కూర్చుని ఇంగ్లీషులో ఒక నవల రాశాను. 1996 నవంబరు 6 తుఫాను, దానికి ముందూ వెనకా మా కోనసీమలో ఒక కొబ్బరి రైతు కుటుంబం. అప్పటికి నాకు ఎనిమిదేళ్లు. 1,32,000 పదాలు వచ్చింది. కిందటేడు జూన్ నుంచి లిటరరీ ఏజెంట్లకి, అంటే రచయితల తరఫున పబ్లిషర్లకి పుస్తకం అమ్మిపెట్టేవాళ్లకి, పంపుతున్నాను. లండన్, న్యూయార్క్, ఢిల్లీ అన్నీ కలిపి 43 మంది. 29 మంది వద్దన్నారు. 13 మంది అసలు పలకలేదు. ఒకే ఒక్కావిడ, లండన్ ఆవిడ, మొత్తం నవల పంపమంది.

ఆవిడ జవాబు ఇవాళ వచ్చింది. ఏడు నెలల తర్వాత, రెండు వాక్యాలు. రచన బాగుందట, కానీ ఆవిడ మనసుకి పట్టాల్సినంత పట్టలేదట. అది చదివేటప్పటికి నేను కూరల బండి దగ్గర బెండకాయలు ఏరుతున్నాను. ఫోను సంచిలో పడేసి, కొసలు విరిచి చూస్తూనే కేజీ ఏరాను. ఇంటికొచ్చి చూస్తే అన్నీ ముదురువే.

మావారికి 43 అన్న లెక్క తెలీదు. ఓ పది అనుకుంటున్నారు. అమ్మ మా దగ్గరే ఉంటుంది, ఆవిడకి నవల సంగతే తెలీదు, కాలేజీ నోట్సు రాసుకుంటున్నాననుకుంటుంది. రాయడం మానెయ్యాలా అని అడగడం లేదు. రేపు పొద్దున మెయిలు తెరిచేటప్పుడు ఈ గుండెదడ ఎలా తగ్గించుకోవాలో చెప్పండి, చాలు.

యానాం_కుర్రాడు | యానాం | జూలై 7, ఉదయం 6:10

అక్కా, అస్సలు బాధపడకండి. ఆ మాంత్రిక కుర్రాడు హ్యారీ పోటర్ పుస్తకాన్ని కూడా డజను మంది పబ్లిషర్లు వద్దన్నారంట. తర్వాత చూడండి ఏమైందో! మీ రోజు కూడా వస్తుంది.

సూటిమాట | రాజమండ్రి | జూలై 7, ఉదయం 7:32

తమ్ముడూ, ఈ కథ ఈ వేదిక మీద వందోసారి. లాటరీ తగిలినవాడి ఫొటోనే పేపర్లో వేస్తారు. టికెట్టు చింపి పారేసినవాళ్ల ఫొటోలు వెయ్యాలంటే పేపరు చాలదు. దీనితో ఎవరికీ ఓదార్పు దొరకదు.

తిరుగుటపా | పాలకొల్లు | జూలై 7, ఉదయం 9:05

అమ్మాయ్, నా పేరు చూశావుగా. ఊరికే సరదాకి పెట్టుకున్న పేరు కాదు.

1979 నుంచి ఓ పన్నెండేళ్లు వారపత్రికలకి కథలు పంపాను. కాగితానికి ఒక వైపే రాయాలి. నకలు మన దగ్గర ఉంచుకోవాలి. ఇది నా సొంత రచన, అనువాదమూ కాదు అనుకరణా కాదు అని హామీ పత్రం పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, సరిపడా స్టాంపులు అంటించి మన చిరునామా మనమే రాసిన కవరు జత చెయ్యాలి. అంటే కథ వద్దనిపించుకోడానికి అయ్యే పోస్టు ఖర్చు కూడా ముందే మనమే కట్టేవాళ్లం. లోపల చిన్న అచ్చు చీటీ ఉండేది, ప్రచురణకు స్వీకరించలేకపోతున్నందుకు చింతిస్తున్నామని. చింతించేది వాళ్లా మేమా అనిపించేది.

మా పోస్ట్‌మాన్‌కి కవరు బరువు పట్టుకుంటే తెలిసిపోయేది. కార్డు వస్తే కథ వేసుకుంటున్నట్టు, లావుపాటి కవరు వస్తే వెనక్కొచ్చినట్టు. లావు కవరు వచ్చిన రోజున కాలవ గట్టు మీంచే కేక వేసేవాడు, "మాష్టారూ! అమ్మాయి పుట్టింటికొచ్చేసిందండోయ్!" అని. బడ్డీ కొట్టు దగ్గరున్న నలుగురూ నవ్వేవారు. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి. స్కూలుకి వేరే దారిలో వెళ్లేవాణ్ణి.

తర్వాత ఓ రోజు కోపం వచ్చి, నవ్వడం కాదు విను అని అతన్నే అరుగు మీద కూర్చోబెట్టి వెనక్కొచ్చిన కథ చదివాను. చివరిదాకా విన్నాడు. "బానే ఉందండి, ఆ పెళ్లిచూపుల దగ్గర మాత్రం కునుకొచ్చింది" అన్నాడు. ఆ పెళ్లిచూపులు నాలుగు పేజీలు. తీసేశాను. అప్పట్నుంచీ ప్రతి కథా ముందు అతనికే. మొత్తం 61 కథలు పంపాను, 9 అచ్చయ్యాయి. ఆ తొమ్మిదీ అతనికి కునుకు రానివే.

నీ నవల ఎవరికైనా చదివి వినిపించావా?

కొబ్బరిమట్ట | జూలై 7, మధ్యాహ్నం 1:20

మాష్టారూ, పుట్టింటికొచ్చేసింది అన్నమాటకి స్టాఫ్ రూమ్‌లో పైకే నవ్వేశాను. లేదండీ, ఎవరికీ వినిపించలేదు. ఇంట్లో ఇంగ్లీషు నవల వినేవాళ్లు ఎవరున్నారు.

ఉండిరోడ్డు | భీమవరం, ఇప్పుడు న్యూజెర్సీ | జూలై 7, రాత్రి 9:15

మేడమ్ గారూ, నేను ఇదే నదిలో ఈదినవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. నా మొదటి నవలకి 70కి పైగా వద్దన్నారు. అది ఇప్పటికీ లాప్‌టాప్‌లోనే ఉంది. రెండో నవలకి ఏజెంటు దొరికింది.

అసలు వాళ్ల పని ఎలా నడుస్తుందో తెలిస్తే సగం బాధ తగ్గుతుంది. చాలామంది ఏజెంట్లకి జీతం ఉండదు. పుస్తకం అమ్ముడైతే మనకొచ్చే దాంట్లో 15 శాతం, విదేశీ హక్కులూ అనువాద హక్కులూ అయితే సాధారణంగా 20 శాతం. అమ్ముడవకపోతే సున్నా. కాబట్టి "ఇది మంచి నవలేనా" అన్నది ఒక్కటే కాదు వాళ్లు చూసేది. "నాకు తెలిసిన ఎడిటర్లలో దీన్ని ఎవరు కొంటారు" అన్నది కూడా చూస్తారు. రోజంతా ఇప్పటికే తీసుకున్న రచయితల పని ఉంటుంది, కొత్తవాళ్ల ఉత్తరాలు రాత్రిళ్లూ శని ఆదివారాలూ చదువుతారు. అందుకే అందరికీ ఒకటే అచ్చు జవాబు. చాలామంది వెబ్‌సైట్‌లోనే రాసేస్తారు, ఇన్ని వారాల్లో మా నుంచి ఏమీ రాకపోతే కాదనుకోండి అని. మీ 13 మందిలో ఎక్కువ మంది ఆ బాపతే అయ్యుంటారు. మనసుకి పట్టలేదు అన్నది కూడా దాదాపు అందరూ వాడే మాటే. దాన్ని పదిసార్లు చదివి అర్థాలు తీయకండి, అందులో ఏమీ లేదు.

ఇక మీ లెక్కలో నాకు కనిపించినవి. మొదటిది 1,32,000 పదాలు. మొదటి నవల అయితే 80,000 నుంచి లక్ష మధ్యలో ఉంటే వాళ్లకి ధైర్యం. అంతకు మించితే చాలాచోట్ల మొదటి పేజీ చదవకముందే పక్కన పెట్టేస్తారు. రెండోది, నవలని పరిచయం చేసే ఉత్తరం 43 మందికీ ఒకటే పంపారా? ఐదారుగురికి చొప్పున పంపాలి. ఐదుగురూ అచ్చు జవాబే ఇస్తే తేడా ఉత్తరంలోనో మొదటి పేజీల్లోనో ఉందని అర్థం, అది మార్చాకే తర్వాతి ఐదుగురు. ఒకరు మొత్తం అడిగి వద్దన్నారంటే ఉత్తరం కనీసం ఒకచోట పని చేసిందన్నమాట. మూడోది కథాసంగ్రహం. మనవాళ్లు చేసే తప్పు, ముగింపు చెప్పకుండా "ఆ తర్వాత ఏమైందో నవలలో చదవండి" అని సస్పెన్స్ పెడతారు. అది సినిమా పోస్టరు కాదండీ, ముగింపుతో సహా ఒకటి రెండు పేజీల్లో చెప్పెయ్యాలి.

గుండెదడకి మందు: ఏజెంట్లకి వేరే మెయిల్ ఐడీ పెట్టుకోండి. అది ఫోనులో వద్దు. వారానికి ఒక్కరోజే తెరవండి. వద్దన్నవాళ్లకి తిరిగి జవాబు రాయకండి, ఎందుకు వద్దన్నారని అస్సలు అడగకండి. మొత్తం చదివినావిడకి మాత్రం ఒక థాంక్స్ చాలు.

నేనైతే ప్రతి తిరస్కారానికీ ఒక ఆవకాయ ముక్క ఎక్కువ వేసుకునేవాణ్ణి. బీపీ వచ్చింది. ఆ పద్ధతి వద్దు.

కొబ్బరిమట్ట | జూలై 7, రాత్రి 10:02

ఒకే ఉత్తరం. 43 మందికీ. పేరు మార్చి పంపానంతే. సంగ్రహంలో ముగింపు కూడా చెప్పలేదు. ఇప్పుడు తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తోంది.

కురిడీ | అంబాజీపేట | జూలై 8, ఉదయం 5:40

మా ఊరి దగ్గరావిడే అన్నమాట. నాకు నవలలు తెలవ్వు, కొబ్బరి తెలుసు. కురిడీని, అంటే నీళ్లింకి ఎండిన కొబ్బరికాయని, మార్కెట్లో మేలు రకం గండేరా, తక్కువది గటగటా అని రకాలు వేస్తాం కదండీ. చేత్తో ఊపి, చెవి దగ్గర పెట్టుకుని, బేరం అయిపోద్ది. గటగటా అన్నంత మాత్రాన చెట్టు మంచిది కాదని కాదు. ఆ వారం ఎగుమతి ఎటుంది, లారీ ఎవరిది అన్నదాన్ని బట్టి రేటు. వద్దన్న సరుకే పై వారం మా ఇంటికొచ్చి అడుగుతారు. ఆయ్.

అలాగని పుచ్చిపోయిన కాయ తెచ్చి గండేరా అని వాదించకూడదు లెండి. అది వేరే.

లేసుపని | నరసాపురం | జూలై 8, మధ్యాహ్నం 3:30

నా సంగతి కూడా చెప్పాలనిపించింది. తిరస్కారం కంటే ఘోరమైనది ఒకటుంది, అది అవతలివాళ్లు సరేననడం.

రెండేళ్ల కిందట వరసగా పద్దెనిమిది మంది వద్దన్నాక, ఒక "ఏజెన్సీ" నుంచి వాళ్లంతట వాళ్లే ఫోను చేశారు. మీ నవల అద్భుతం అన్నారు. అప్పటికి ఎవరైనా అద్భుతం అంటే చాలు అన్నట్టున్నాను. చదవడానికి ఫీజు 8,000, తర్వాత ఎడిటింగుకి 35,000, తర్వాత విదేశీ పుస్తక ప్రదర్శనలో పెట్టడానికి ఇంకో 20,000 అన్నారు. మూడోది అడిగినప్పుడు మా తమ్ముడు ఫోను లాక్కుని కట్ చేశాడు. మొదటి రెండూ పోయాయి. మా అమ్మ లేసు అల్లి దాచుకున్న డబ్బులు అందులో ఉన్నాయి. ఇలాంటి మాట ఎవరూ బయటికి చెప్పుకోరు, ఇక్కడ పేరు లేదు కాబట్టి చెబుతున్నాను.

నిర్వాహకుడు | జూలై 8, సాయంత్రం 4:12

లేసుపని గారూ, రాసినందుకు కృతజ్ఞతలు. కొత్తవాళ్లకి ఒక్క మాట: నిజమైన ఏజెంటు చదవడానికి డబ్బు అడగరు. పుస్తకం అమ్ముడైతే అందులోంచే కమీషన్. ముందే డబ్బు అడిగినవాళ్లు ఏ పేరు చెప్పినా సరే, దణ్ణం పెట్టి వచ్చెయ్యండి. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయవద్దని మనవి, నాకు మెసేజ్ చెయ్యండి.

సూటిమాట | జూలై 8, రాత్రి 8:50

ఎవరూ అడగని ప్రశ్న నేనడుగుతాను. అసలు ఇంగ్లీషులో ఎందుకు? అంబాజీపేట తుఫాను కథని లండన్ ఆవిడ మనసుకి పట్టించాల్సిన అవసరం ఏమొచ్చింది? తెలుగులో రాసి ఉంటే ఈ ఏజెంట్ల గొడవే లేదు కదా.

లేసుపని | జూలై 8, రాత్రి 9:14

తెలుగులో ఏజెంట్లు లేరు, నిజమే. డబ్బులూ లేవు. నా రెండో నవల తెలుగులోనే వేశాను. 500 కాపీలు, ప్రింటు ఖర్చంతా నాదే. కొట్లవాళ్లకి దాదాపు సగం డిస్కౌంటు ఇచ్చుకోవాలి, ఆ మిగతా సగం కూడా ఆరు నెలలకి అడిగితే ఇస్తారు. జనవరిలో విజయవాడ బుక్ ఫెస్టివల్‌కి రెండు కట్టలు బస్సులో మోసుకెళ్లాను. 180 కాపీలు ఇంకా మంచం కిందే ఉన్నాయి. ఎవరైనా పెళ్లికి పిలిస్తే చదివింపులతో పాటు ఒక కాపీ ఇచ్చేస్తున్నాను. పెళ్లికూతుళ్లకి నా నవల అంటే భయం పట్టుకుంది.

అందుకని అక్కడ తిరస్కారం లేదని కాదు సూటిమాట గారూ. వద్దని చెప్పేవాళ్లు ఉండరంతే.

తిరుగుటపా | జూలై 9, ఉదయం 8:30

మన రాజమండ్రిలోనే 1878లో వీరేశలింగం గారు నవల రాసినప్పుడు ఏ ఏజెంటూ లేడు. సొంత పత్రికలోనే ధారావాహికగా వేసుకున్నారు. రాయడం, అచ్చు వెయ్యడం, తిట్లు తినడం, మూడూ ఆయనే. ఇప్పుడు తానా వాళ్లూ ఆటా వాళ్లూ నవలల పోటీలు పెడుతున్నారు, పోటీ అంటే కనీసం ఎవరో ఒకరు చదువుతారు. అయినా ఏ భాషలో రాయాలన్నది రాసేవాళ్ల ఇష్టం. కన్నడ కథల పుస్తకం ఒకటి ఇంగ్లీషులోకి వెళ్లి 2025లో ఇంటర్నేషనల్ బుకర్ కొట్టింది కదా. దారులు ఎటు నుంచి ఎటు పోతాయో ఎవరికి తెలుసు.

ఉండిరోడ్డు | జూలై 9, ఉదయం 9:01

ఇంకో సంగతి, మన దేశంలో ఇంగ్లీషు పబ్లిషర్లు కొందరు ఏజెంటు లేకుండా కూడా నేరుగా తీసుకుంటారు. ఢిల్లీ వాళ్ల వెబ్‌సైట్లు చూడండి. అదలా ఉంచితే, మేడమ్ గారూ, మొదటి పేజీ ఇక్కడ పెడతారా? తెలుగులో చెప్పినా సరే.

కొబ్బరిమట్ట | జూలై 9, రాత్రి 10:40

భయపడుతూనే పెడుతున్నాను. నేనే తెలుగు చేశాను.

"గోదావరి సముద్రంలో కలిసే ముందు పాయలుగా చీలుతుంది. ఆ పాయల మధ్య ముక్కోణం ఆకారంలో ఉన్న పచ్చని నేలను కోనసీమ అంటారు. ఇక్కడ కొబ్బరి తోటలు విస్తారంగా ఉంటాయి. ప్రజలు అతిథులను ఎంతో ఆప్యాయంగా ఆదరిస్తారు. వారి ప్రధాన ఆహారం అన్నం. సంక్రాంతి వారి ముఖ్యమైన పండుగ. ఈ నేల మీద సూర్యనారాయణ అనే రైతు నివసించేవాడు."

కురిడీ | జూలై 10, ఉదయం 5:52

బాగుందండి. కానీ మా ఊరేనా ఇది?

సూటిమాట | జూలై 10, ఉదయం 7:15

ముప్ఫై ఏళ్లు ప్రూఫులు దిద్దినవాణ్ణి, సూటిగా చెబుతాను. ఇది నవల కాదు. ఏపీ టూరిజం వాళ్ల కరపత్రం. "వారి ప్రధాన ఆహారం అన్నం" దగ్గర నేను ఆగిపోయాను. ఎవరి ప్రధాన ఆహారం? మీరు తినేది అన్నం కాదా? మీ అమ్మనీ నాన్ననీ "వారు" చేసేశారు. థేమ్స్ అనేది ఒక నది అని మనకి ఏ ఇంగ్లీషు నవలైనా విప్పి చెప్పిందా? తెలీనిది వదిలేసి చదువుకుంటూ పోలేదా? తుఫాను ఎన్నో పేజీలో వస్తుంది?

కొబ్బరిమట్ట | జూలై 10, ఉదయం 7:40

118వ పేజీలో.

సూటిమాట | జూలై 10, ఉదయం 7:44

ఏజెంట్లు చదివేది మొదటి పది పేజీలు. మీ తుఫాను ఇంకా బంగాళాఖాతంలోనే ఉంది.

కొబ్బరిమట్ట | జూలై 10, ఉదయం 7:58

ఆ 29 మందీ కనీసం మర్యాదగా చెప్పారండీ. ఉంటాను.

తిరుగుటపా | జూలై 10, ఉదయం 9:20

సూటిమాటా, నువ్వు చెప్పినదాంట్లో తప్పు లేదు. చెప్పిన తీరుకి మాత్రం మా పోస్ట్‌మాన్ అయితే నీ ఉత్తరాలన్నీ కాలవలో పారేసేవాడు.

సూటిమాట | జూలై 10, ఉదయం 10:05

మాష్టారూ, సరే. ఆ మొదటి మూడు ముక్కలు వెనక్కి తీసుకుంటున్నాను. మిగతావి తీసుకోను.

యానాం_కుర్రాడు | జూలై 16, రాత్రి 9:30

అక్క కనిపించడం లేదు. ఎవరికైనా తెలుసా?

కురిడీ | జూలై 24, ఉదయం 6:05

గోదారికి ఎర్రనీళ్లొచ్చేశాయి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది కదా. ఈ ఏజెంట్లు కూడా అలా పెడితే బాగుండు. అచ్చు జవాబు వస్తే మొదటి హెచ్చరిక. పేరు పెట్టి రాస్తే రెండోది. ఏడు నెలలు మొత్తం చదివి వద్దంటే మూడోది, ఊరు ఖాళీ చేసి ఎత్తైన చోటికి పోవాలి.

కొబ్బరిమట్ట | జూలై 28, సాయంత్రం 6:45

మేడ మీదే ఉన్నానండీ కురిడీ గారూ, నీళ్లు ఇంకా రాలేదు.

ముందు సూటిమాట గారికి. మూడు రోజులు మిమ్మల్ని తిట్టుకున్నాను. అమ్మకి వినపడేలా కూడా తిట్టుకున్నాను, ఆవిడ పాలవాణ్ణనుకుంది. నాలుగో రోజు ఆ పేజీ తీసి చదివాను. "వారి ప్రధాన ఆహారం అన్నం." రాసింది నేనేనా అనిపించింది. ఆరేళ్లు పక్కన ఎవరో తెల్లాయన కూర్చుని ఉన్నట్టు, ప్రతిదీ ఆయనకి విప్పి చెబుతూ రాశాను. ఆయన అడగలేదు కూడా.

ఉండిరోడ్డు గారు చెప్పినట్టు వేరే మెయిల్ ఐడీ పెట్టాను. ఆదివారం భోజనం అయ్యాకే తెరుస్తున్నాను. ఈలోగా పలకని 13 మందిలో ఒకరు పలికారు. వద్దన్నారు. చదివి పడుకున్నాను, నిద్ర పట్టింది కూడా.

మావారికి 43 అని చెప్పేశాను. ఇప్పుడింకొకటి కలిపి వద్దన్నవాళ్లు 31 అని కూడా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ బెండకాయలు అందుకా" అన్నారు.

అసలు చెప్పాల్సింది అమ్మ సంగతి. మాష్టారు ఎవరికైనా వినిపించావా అని అడిగారు కదా. మొన్న శుక్రవారం రాత్రి కరెంటు పోయింది. అమ్మ అరుగు మీద కూర్చుని వత్తులు చేసుకుంటోంది. లాప్‌టాప్‌లో ఛార్జింగ్ ఉంది. తుఫాను అధ్యాయం తీసి, ఇంగ్లీషు చూస్తూ నోటితో తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. ఎవరో రాసిన కథ అన్నట్టే చెప్పాను. రెండు పేజీలయ్యేసరికి అమ్మ చేతిలో పత్తి అలాగే ఉండిపోయింది.

గాలి రాత్రంతా ఆగకుండా కొట్టింది అని నేను రాసుకున్న చోట ఆపింది. "ఎవరు చెప్పారు నీకు? మధ్యలో ఆగిపోయింది" అంది. ఆకు కూడా కదల్లేదట. కీచురాయి చప్పుడు కూడా లేదట. అయిపోయిందనుకుని వీధిలో వాళ్లు ఒకళ్లనొకళ్లు పేరుపెట్టి పిలుచుకున్నారట. నాన్న లాంతరు పట్టుకుని పశువులపాకకి వెళ్లారట, ఆవుని విప్పుదామని. తాతయ్య వెళ్లొద్దని అరిచారట, చిన్నప్పుడెప్పుడో ఆయన చూశారు కాబట్టి తెలుసు. నాన్న పాక దగ్గరకి వెళ్లేసరికి దక్షిణం నుంచి మొదలైంది. ఉత్తరపు గాలికి వంగినా పడని చెట్లన్నీ అప్పుడు పడ్డాయట. "చెట్టు పడితే చప్పుడు వినపడాలి కదా, ఏమీ వినపడలేదే, కాళ్లకింద నేల అదిరేది, దాన్నిబట్టి లెక్కపెట్టుకున్నాం" అంది. నలభై దాకా లెక్కపెట్టి మానేసిందట.

ఆ నిశ్శబ్దం నా 1,32,000 పదాల్లో ఎక్కడా లేదు. నేను మంచం కింద నిద్రపోయి ఉంటాను. ఎవర్నీ అడగలేదు. ఇన్నేళ్లూ అమ్మ పక్క గదిలోనే ఉంది.

కొత్త మొదటి పేజీ ఇదిగో. ఇంకా దిద్దాలి.

"గాలి ఆగిపోయింది. అమ్మ తలుపు గడియ మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. ఎదురింట్లోంచి ఎవరో నాన్న పేరు పెట్టి పిలిచారు. నాన్న లాంతరు వత్తి పెంచి, ఆవు ఎలా ఉందో చూసొస్తానన్నారు. వెళ్లకురా, ఇంకా సగమే అయింది, అన్నారు తాతయ్య మంచం మీంచి. నాన్న అప్పటికే గుమ్మం దిగారు."

పాత మొదటి 117 పేజీల్లో చాలాభాగం తీసేశాను. 94,000కి దిగింది. అమ్మకి ఇప్పుడు తెలుసు ఇది నాదని. రోజూ రాత్రి భోజనాలయ్యాక "ఇవాళ ఎంతదాకా?" అంటోంది. ఏజెంట్లకి ఇంకా ఎవరికీ పంపలేదు.

లేసుపని | జూలై 28, రాత్రి 7:20

చదువుతుంటే చేతుల మీద వెంట్రుకలు లేచాయి. ఆ రాత్రి మా నరసాపురంలో కూడా మేమందరం ఒకే గదిలో ఉన్నాం.

ఉండిరోడ్డు | జూలై 28, రాత్రి 8:02

పంపడానికి తొందరేం లేదు. పూర్తయ్యాక ఉత్తరం నేను చూసి పెడతాను. మొదటి ఐదుగురికే, గుర్తుంది కదా.

కురిడీ | జూలై 29, ఉదయం 5:35

ఇప్పుడు మా ఊరే.

తిరుగుటపా | జూలై 29, ఉదయం 8:15

అంతా బాగానే ఉందమ్మాయ్. ఆవు ఏమైంది?

సూటిమాట | జూలై 29, ఉదయం 8:17

అదే నేనూ అడగబోతున్నాను. ఆవు ఏమైందండీ?

కొబ్బరిమట్ట | జూలై 29, మధ్యాహ్నం 1:10

ఇవాళ తోటలో కొబ్బరికాయల దింపు ఉందండీ, కూలీలకి వంట నాదే. రాత్రికి రాస్తాను.